బస్టాండు పక్కన ఐదు సెంట్లు

మా ఊళ్ళో బస్సులు రోడ్డు మీదే ఆగుతాయి. సినిమా హాలు ముందు చింతచెట్టు నీడలో జనం గుంపుగా నిలబడతారు. ఎండ తిరిగితే నీడతో పాటు వాళ్ళూ తిరుగుతారు. అనంతపురం జిల్లాలో ఇలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి గనక అదొక లోటని మాకు తోచేది కాదు, కౌన్సిల్లో ఆ మాట వచ్చేదాకా.

మునిసిపల్ ఎన్నికల్లో ఆడవాళ్ళకి మూడో వంతు సీట్లు ఇచ్చినప్పుడు నేను మా వార్డు నుంచి గెలిచాను. అంతకుముందు ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. గెలిచిన కొన్నాళ్ళకి ఛైర్మన్ గారు బస్టాండు ప్రతిపాదన తెచ్చారు. మా మునిసిపాలిటీకి జీతాలివ్వడమే కష్టం, కట్టడానికి డబ్బెక్కడిది? ఆయన చెప్పిన ఉపాయం ఇది. ఊళ్ళోవాళ్ళకే బాండ్లు అమ్మాలి. అంటే ఊరే తన జనం దగ్గర అప్పు తీసుకుని ఏటా వడ్డీ ఇస్తుంది, కొన్నేళ్ళకి అసలు తీరుస్తుంది. తీర్చే డబ్బు కొంత బస్టాండు కొట్ల అద్దెల నుంచి వస్తుంది. మిగతాది చుట్టుపక్కల స్థలాల మీద వేసే పన్ను. బస్టాండు వస్తే ఆ స్థలాలకి ధర పెరుగుతుంది కదా, ఊరి వల్ల పెరిగిన ధరలో ఊరికీ కొంత వాటా రావాలి కదా అన్నారు. లెక్కల టీచర్ని, నాకు అందులో తప్పేమీ కనపడలేదు.

గుంటూరు జిల్లాలో రేపల్లె దగ్గర ఒక ఊరు పదేళ్ళ కిందటే ఇలా బస్టాండు కట్టుకుందట. ఓటుకి ముందు ఎవరైనా వెళ్ళి చూసి రావాలన్నారు. నాతో పనిచేసిన టీచరు మేనమామ తెనాలిలో ఉన్నారు, పైగా ఆయన ఆ బాండ్లు కొన్నవాళ్ళలో ఒకరు. అందుకని నన్ను పంపారు. ఆ ఊరి పేరు మాత్రం రాయను. అక్కడ నాతో మాట్లాడినవాళ్ళు వద్దన్నారు.

తెనాలి

కార్తీకమాసం. సముద్రంలో వాయుగుండం ఉందని రేడియో చెబుతోంది. తెనాలిలో దిగేసరికి సన్నటి తుంపర. మా వైపు వాన కురిస్తే జనం బయటికొచ్చి ఆకాశంకేసి చూస్తారు. ఇక్కడ ఎవరూ తలెత్తడం లేదు. వరి కోతకొచ్చిన కాలం, ఈ వాన ఎవరికీ అక్కర్లేదు. ఊరి మధ్య నుంచి కాలవలు పారుతున్నాయి. మా ఇంట్లో ఒక బిందె నీళ్ళ కోసం తెల్లవారకముందే లేచే నాకు, అన్ని నీళ్ళు పట్టించుకునే నాథుడు లేకుండా పోతుంటే ఏదో పాపంలా అనిపించింది.

ఆ మేనమామ దేవదానం మాస్టారు, రిటైరై చాలా ఏళ్ళయింది. లూథరన్ చర్చి వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. భార్య సుగుణమ్మ గారు నా సంచీ అందుకుని, గుమ్మంలోనే కొంచెం తగ్గి అడిగారు.

"అమ్మా, మా ఇంట్లో భోంచేస్తారాండి? లేకపోతే హోటల్ నించి క్యారేజీ తెప్పిస్తాను."

ఆ ప్రశ్న ఆవిడ జీవితంలో ఎంతమందిని అడిగి ఉంటారో. "మీ చేతి వంటే తింటానండి," అన్నాను. వంకాయ కూర వండుతున్న ఆవిడ గోంగూర కూడా పొయ్యి మీద పెట్టారు. భోజనానికి ముందు మాస్టారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. అందులో నా పేరు, మా ఊరి పేరు, మా ఊరికి రాబోయే బస్టాండు కూడా వచ్చాయి.

భోజనాలయ్యాక బాండ్ల మాట ఎత్తాను. ఆయన ఆ ఊళ్ళో చాలాకాలం పనిచేశారు.

"ఒక్క పైసా ఎగ్గొట్టలేదండి," అన్నారు. "ప్రతి ఏడూ చెప్పిన రోజుకి వడ్డీ. మొన్న ఉగాదికి అసలు కూడా ముట్టింది. ప్రావిడెంటు ఫండ్ డబ్బు పెట్టానని మావాళ్ళంతా తిట్టారు అప్పట్లో. ఆ వడ్డీతోనే మా చిన్నమ్మాయి నర్సింగు చదివింది."

"అంటే పథకం బాగానే నడిచిందన్నమాట."

"నడిచింది."

"చుట్టుపక్కల స్థలాలవాళ్ళు పన్ను కట్టారాండి?"

మాస్టారు కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు. "కట్టారు. కట్టబట్టే కదా మాకు వడ్డీ వచ్చింది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "మీరెలాగూ వెళ్తున్నారుగా తల్లీ, మిగతాది అక్కడే చూడండి," అన్నారు.

సాయంత్రం జిలేబీ తినకుండా తెనాలి నుంచి వెళ్ళకూడదని సుగుణమ్మ గారు బజారుకి తీసుకెళ్ళారు. నల్లగా, బెల్లం పాకంతో, వేడివేడిగా. పావుకిలో ఐదు రూపాయలు. మా వైపు జిలేబీ పంచదారది, పసుపుపచ్చగా ఉంటుంది. దీనికి కొంచెం పులుపు, కొంచెం మాడువాసన. బాణలి ముందు కూర్చున్నాయన నా మాట విని, "మీది ఏ ఊరండి, యాస వేరేగా ఉంది," అన్నాడు. చెప్పాను. వెంటనే, "అక్కడ సెంటు ఎంత పలుకుతోందండి?" అని అడిగాడు.

ఈ ప్రయాణంలో ఆ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో. మా వైపు భూమిని ఎకరాల్లో చెప్పుకుంటాం, ఎకరాలున్నవాడు కూడా వలస పోతాడు. ఇక్కడ సెంట్లలో చెప్పుకుంటారు. పేరు కంటే ముందు ధర అడుగుతారు. మా ఊళ్ళో సెంటు ధర నాకు తెలియదంటే జిలేబీ ఆయన నావైపు జాలిగా చూశాడు.

రేపల్లె బండి

పొద్దున రేపల్లె పాసింజరు ఎక్కాను. కిటికీ తలుపు పైకి రాలేదు, ఒళ్ళోకి జల్లు కొట్టింది. దారి పొడుగునా వరి నేలకి ఒరిగి ఉంది. కొన్ని మళ్ళలో కంకులు నీళ్ళలో మునిగిపోయాయి. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే గింజ మొలకెత్తుతుందని నా ఎదురుగా కూర్చున్నామె చెప్పింది. ఆమె పక్కన ఎండుచేపల గంప. పెట్టెలో సగంమంది ఆ వాసనకి ముక్కు మూసుకున్నారు, ఆమె దాన్ని గమనించనట్టే ఉంది.

ఆ ఊరికే వెళ్తున్నానని చెబితే ముఖం విప్పారింది.

"మంచి బస్టాండు కట్టారక్కా అక్కడ. అంతకుముందు రోడ్డు వార నిలబడేవాళ్ళం. వానొస్తే సరుకంతా పాడైపోయేది. ఇప్పుడు గంప దించుకోడానికి చోటుంది, తాగడానికి నీళ్ళున్నాయి. ఆడాళ్ళకి మరుగు కూడా ఉంది. ఆ గది లేనప్పుడు మేం పొద్దున్నించి నీళ్ళు తాగేవాళ్ళమే కాదు."

చివరి మాట ఆమె మామూలుగానే అంది. నేను మా సినిమా హాలు ముందు నిలబడే ఆడవాళ్ళని తలుచుకున్నాను. ఏళ్ళ తరబడి నేనూ వాళ్ళలో ఒకతెను. ఈ ప్రయాణానికి నన్ను పంపినవాళ్ళెవరూ ఆ సంగతి ఎత్తలేదు, నాకూ తట్టలేదు.

భట్టిప్రోలు దాటాక ఆమె ఒక పొట్లం విప్పి, ఇంత ఎండుచేప కాగితంలో చుట్టి నాకిచ్చింది. నేను తినను. వద్దంటే నొచ్చుకుంటుందని తీసుకున్నాను. రేపల్లెలో దిగే హడావుడిలో పొట్లం జాగ్రత్తగా పట్టుకుని గొడుగు బండిలో వదిలేశాను. ఆ పొట్లాన్ని స్టేషను బయట ఒక రిక్షా ఆయనకి ఇచ్చేశాను. అతను డబ్బులు తీసుకోకుండా నన్ను మెస్సు దగ్గర దింపాడు. అక్కడ పది రూపాయలకి అరిటాకు నిండా భోజనం. అన్నం ఎంతైనా వడ్డిస్తున్నారు. కారం మాత్రం మా సంగటిలోకి నూరుకునే పచ్చిమిరపకాయల ఊరిబిండికి సాటి రాదు. ఆ మాట వడ్డించే ఆయనతో అంటే నమ్మలేదు.

బస్టాండు

రేపల్లె నుంచి చెరుకుపల్లి వైపు బస్సు. ఆ ఊరిని నేను గుర్తుపట్టింది బస్టాండుని చూసే. అంత చిన్న ఊరికి అంత పొడుగైన షెడ్డు ఉంటుందనుకోలేదు. సిమెంటు బెంచీలు, ఊళ్ళ పేర్లు రాసిన పలకలు, మధ్యలో మంచినీళ్ళ పంపు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి, వానరోజైనా ఎవరూ ఆపలేదు. ఒక మూల పిల్లలు పుస్తకాలు ముందేసుకుని చదువుకుంటున్నారు. నాకు సంతోషమైంది. మా ఊళ్ళో ఇది ఎక్కడ కట్టొచ్చో కళ్ళతోనే కొలుచుకున్నాను.

బస్టాండులోనే ఇడ్లీ హోటలు. యజమానురాలు రాజ్యలక్ష్మి గారు గల్లా దగ్గర కూర్చుని అప్పడాలు లెక్కబెడుతున్నారు. కౌన్సిలర్నని తెలిశాక టీకి డబ్బులు తీసుకోలేదు.

"మేం మొదటి వేలంలోనే పాడుకున్నామండి ఈ కొట్టు. అద్దె ఎక్కువే. అయినా ఇది వచ్చాకే మేం మనుషులమయ్యాం."

"వెనక వీధివాళ్ళు కూడా బాగుపడ్డారాండి? వాళ్ళే కదా పన్ను కట్టింది."

"వెనక మేడలు చూశారుగా. లాడ్జీ, ఎరువుల కొట్టు, డాక్టరు గారిల్లు. అందరూ బాగానే ఉన్నారు."

"పదేళ్ళ కిందట కూడా వాళ్ళేనా?"

ఆవిడ అప్పడాలు పక్కన పెట్టారు. "లేదండి. అంతా కొత్తవాళ్ళే. పాతవాళ్ళు పెంకుటిళ్ళూ పాకలూ అమ్ముకుని ఎటోళ్ళు అటెళ్ళిపోయారు. పన్ను కట్టలేక కొందరు, ధర బాగా వచ్చిందని కొందరు." తరవాత గొంతు తగ్గించి, "కోటేశ్వరమ్మ గారని ఒకావిడ ఉన్నారు. ఇప్పుడు కాలవ గట్టున అద్దెకుంటారు. మాకు విస్తళ్ళు కుట్టిచ్చేది ఆవిడే. లాడ్జీ ఉన్న చోటు వాళ్ళదే. వెళ్తే మాట్లాడతారు, మంచి మనిషి," అన్నారు.

కాలవ గట్టు

గట్టు మీద నల్లమట్టి బురద. మా ఎర్రనేలలో వాన వెలిసిన గంటకి నడవొచ్చు. ఈ మట్టి అలా వదలదు. సగం దూరంలో నా కుడికాలి చెప్పు దిగబడిపోయింది. లాగితే పట్టీ ఊడి చేతికొచ్చింది. రెండో చెప్పు కూడా తీసి చేత్తో పట్టుకుని నడిచాను. అలాంటి అవతారంలో ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాను.

కోటేశ్వరమ్మ గారికి అరవై దగ్గర పడి ఉంటాయి. ముందు నా కాళ్ళ వైపు చూసి, ఏమీ అడక్కుండా చెంబుతో నీళ్ళు తెచ్చి పోశారు. ఒక గది, ముందు వసారా. వసారా అంతా అడ్డాకులు, చీపురుపుల్లలు. ఎందుకొచ్చానో చెబితే ఆకు మీద ఆకు పేరుస్తూనే విన్నారు.

"మా నాన్న నాకు పసుపుకుంకుమల కింద ఇచ్చిన స్థలమండి అది. ఐదు సెంట్లు. రెండు గదుల పెంకుటిల్లు, వెనక మునగచెట్టు, ఒక గేదె. మా ఆయన రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. బస్టాండు మాకు ఎదురుగానే వస్తుందని తెలిసినప్పుడు మేమూ సంతోషపడ్డాం. మీ స్థలానికి రేటు పెరిగింది అన్నారంతా. తరవాత నోటీసు వచ్చింది. పెరిగిన రేటులో ఊరికి ఇంత కట్టాలని, ఏడాదికోసారి కట్టొచ్చని."

"కట్టారాండి?"

"మొదటి ఏడు గేదెని అమ్మి కట్టాం. రెండో ఏడు నా గాజులు. మూడో ఏటికి మిల్లు మూతపడింది." ఆవిడ పుల్ల విరిచి ఆకులో గుచ్చారు. "రేటు పెరిగిందంటారు. నిజమేనండి, కాయితం మీద పెరిగింది. డబ్బాలో బియ్యం పెరగలేదుగా. ఇల్లు అదే, మేం అదే. బస్టాండు ఎదురుగా ఉన్నా బస్సెక్కి ఎక్కడికెళ్తాం మేము?"

ఇల్లు అమ్మారు. మంచి ధరే వచ్చింది. ఆ మాట ఆవిడ రెండుసార్లు చెప్పారు, ఎవరినీ తప్పు పట్టడం లేదని నాకు తెలియాలన్నట్టు. బాకీ ఉన్న పన్ను పోను మిగిలినదాంతో భర్త ధాన్యం వ్యాపారం మొదలుపెట్టారు. అలవాటు లేని పని, రెండు పంటలకే పోయింది. తరవాత ఆయన మంచం పట్టారు. ఆయన పోయి నాలుగేళ్ళు.

"తగ్గించమని ఎవరినీ అడగలేదా?"

"మా ఆయన అడిగాడు. నేను అడగలేదు. అడిగితే ఏం చెప్తాడో నాకు తెలుసు." ఆవిడ తలెత్తారు. "ఆ గీత గీసింది మా అన్నయ్యే కదండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. అన్న సూర్యనారాయణ గారు అప్పట్లో ఆ ఊరి ఆఫీసులో లెక్కల గుమాస్తా. ఎవరి స్థలం పన్ను కిందికి వస్తుందో పటం మీద గీసింది ఆయనే. ఈవిడ భర్త వెళ్ళి బతిమాలితే, "మా చెల్లెలికి తగ్గిస్తే ఊళ్ళో ఇంకెవరి దగ్గర వసూలు చేసే మొహం ఉంటుంది నాకు? బాండ్లు కొన్నవాళ్ళకి మాటిచ్చాం," అన్నారట. ఇల్లు అమ్మిన రోజు నుంచి అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. కట్టడానికి నాలుగేళ్ళు పట్టింది, బస్టాండు తెరవకముందే ఆయన రిటైరై బాపట్ల వెళ్ళిపోయారు.

"న్యాయంగానే మాట్లాడాడండి. అన్యాయంగా మాట్లాడుంటే తిట్టుకునేదాన్ని, కోపం తీరిపోయేది."

నేను మర్నాడు మా ఊరి బండి కోసం బాపట్లే వెళ్తున్నానని, ఆయన్ని కలవగలిగితే కలుస్తానని చెప్పాను. ఆవిడ చేతిలో ఉన్న విస్తరి కుట్టడం పూర్తిచేశారు. బయట కాలవలో నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చాయి. మొదట సుగుణమ్మ గారిలాగే ఈవిడ కూడా తినమంటారనుకున్నాను గానీ, ఆ ఇంట్లో పొయ్యి వెలిగినట్టు లేదు. నేను లేవబోతుంటే అన్నారు.

"బాగానే ఉన్నానని చెప్పండి. బస్టాండు బాగుందని కూడా చెప్పండి. తను చూడలేదుగా."

ఆవిడ తన రబ్బరు చెప్పులు నాకిచ్చారు. వద్దన్నా వినలేదు. బస్టాండులో కొత్త జత కొనుక్కుని, ఆవిడవి రాజ్యలక్ష్మి గారి దగ్గర ఉంచి వచ్చాను.

బాపట్ల

బాపట్లలో వాన తెరిపిచ్చింది గానీ గాలి ఆగలేదు. సముద్రం దగ్గరని గాలిలోనే తెలుస్తుంది, తడి ఆరదు, గుడ్డలు ఉప్పగా ఉంటాయి. సూర్యలంక వెళ్ళి సముద్రం చూడకుండా పోతారా అన్నారు నన్ను చూసినవాళ్ళంతా. సముద్రం లేని జిల్లా నుంచి వచ్చినదాన్ని, చూడాలనే అనుకుని బయల్దేరాను. చూడలేదు.

సూర్యనారాయణ గారు కూతురి ఇంట్లో ఉంటున్నారు. మనిషి నిటారుగా ఉన్నారు, చూపు మాత్రం బాగా తగ్గింది. ఎవరో ఇంతదూరం నుంచి తన పథకం గురించి అడగడానికి వచ్చారంటే ఆయనకి పట్టలేని సంతోషం. కూతురు కాఫీ తెచ్చేలోపు నన్నే ప్రశ్నలడిగారు. మా ఊళ్ళో కొట్లు ఎన్ని కడతారు, వడ్డీ ఎంత అనుకుంటున్నారు, పన్ను ఎంత దూరం దాకా వేస్తారు. నేను చెబుతుంటే నోటితోనే లెక్క వేసి, "ఐదో ఏడు మీకు కటకటగా ఉంటుంది, ముందే కొంత తీసి పెట్టుకోండి," అన్నారు.

"మీరు దూరం ఎలా నిర్ణయించారండి?" అని అడిగాను.

"కంపాసు పెట్టి గుండ్రంగా గీశానమ్మా. ఇటువైపువాళ్ళు, అటువైపువాళ్ళు అని మాట రాకూడదని. గీశాకే చూశాను, మా చెల్లెలి ఇల్లు లోపల పడింది." కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. "మీరు ఆ ఊరు వెళ్ళొచ్చారు కదా. ఫ్యాన్లు తిరుగుతున్నాయా?"

"తిరుగుతున్నాయండి. బస్టాండు చాలా బాగుంది. ఆ మాట మీకు చెప్పమని కోటేశ్వరమ్మ గారు అన్నారు. తను బాగానే ఉన్నానని కూడా చెప్పమన్నారు."

ఆయన కూతురు వంటగది గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆ పేరు విని చాలాకాలమైందని తెలుస్తూనే ఉంది.

"ఎక్కడ ఉంటోంది?"

చెప్పాను. గట్టు, ఒక గది, విస్తళ్ళు. బావగారు పోయిన సంగతి ఆయనకి తెలుసు. వెళ్ళలేదట.

"బాగానే ఉన్నానందా?"

"అన్నారండి."

తరవాత ఆయన పథకం మాటకే వచ్చారు. గొంతు మారలేదు, లెక్క చెబుతున్నట్టే ఉంది. "ఆ పన్ను అమ్మినప్పుడు తీసుకోవాలమ్మా. ఉన్నచోటే ఉండేవాడికి పెరిగిన ధరతో పనేముంది? వాడి చేతికి ఏం రాదు. అమ్మినవాడికి వస్తుంది, అప్పుడు అడిగితే ఇస్తాడు. నాకు అప్పట్లో ఈ మాట తట్టలేదనుకోకండి. తట్టింది, పెద్దవాళ్ళ ముందు పెట్టాను కూడా. బాండ్లకి వడ్డీ ఏడాదేడాదీ కట్టాలి, జనం ఎప్పుడు అమ్ముతారో ఎవరికి తెలుసు, అందాకా డబ్బెక్కణ్ణించి తెస్తావు అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ మాట కాగితంలోంచి కొట్టేశాను."

"ఇప్పుడుందాండి జవాబు?"

"లేదు," అన్నారు. "పదేళ్ళుగా చూస్తున్నాను."

ఆ రాత్రి వాళ్ళ ఇంట్లోనే ఉండమన్నారు. పొద్దున నేను స్టేషనుకి బయల్దేరబోతుంటే ఆయన ఉతికిన లాల్చీ వేసుకుని, సంచీలో పళ్ళు పెట్టుకుని వసారాలో నిలబడి ఉన్నారు. చెల్లెలి దగ్గరికి వెళ్తానన్నారు. కూతురు కళ్ళు తుడుచుకుంటూ, "నేనూ వస్తాను నాన్నా," అంది. వద్దన్నారు, ఒక్కణ్ణే వెళ్ళాలన్నారు. బస్సు ఎక్కించి నేను స్టేషనుకి పోతానని చెప్పి రిక్షాలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను.

రేపల్లె బస్సు వచ్చింది. ఖాళీగానే ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని మెట్టు చూపించాను. మెట్టు మీద ఒక కాలు పెట్టి, కమ్మీ పట్టుకుని అలాగే ఉండిపోయారు. కండక్టరు, "ఎక్కండి తాతగారూ," అన్నాడు. వెనక ఒకతను పక్కనుంచి ఎక్కాడు. ఇంకో ఇద్దరు ఎక్కారు.

"బాబాయిగారూ," అన్నాను.

"ఏమని వెళ్ళనమ్మా? తప్పు చేశాననా? చెయ్యలేదు. చెయ్యలేదనా?" కాలు కిందికి దించారు. "దానికి నేను చెప్పగలిగే మాట ఒక్కటి కూడా లేదు."

ఏమీ చెప్పక్కర్లేదండి, ఊరికే వెళ్ళి కూర్చోండి అన్నాను. తల ఊపారు, తరవాతి బస్సుకి వెళ్తానన్నారు. నా బండికి టైమైంది. ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, రిక్షా అబ్బాయికి డబ్బులిచ్చి, ఎటు వెళ్తానంటే అటు తీసుకెళ్ళమని చెప్పి వచ్చేశాను. తరవాత ఆయన కూతురు ఫోనులో చెప్పింది, మధ్యాహ్నానికి ఇంటికి తిరిగొచ్చారట. పళ్ళ సంచీ వసారాలో పెట్టి పడుకున్నారట.

మా ఊరు

తీర్మానం రోజు కౌన్సిల్లో నేను చూసింది చూసినట్టు చెప్పాను. అప్పు మొత్తం తీరిందని చెప్పగానే బల్లలు చరిచారు. ఆడవాళ్ళ మరుగుదొడ్డి సంగతి చెబితే కొందరు నవ్వారు గానీ, మిగతా ఆడ కౌన్సిలర్లు పట్టుబట్టడంతో ఆ గది ప్లానులో చేరింది. తరవాత పన్ను మాట ఎత్తాను. స్థలం అమ్మినప్పుడు మాత్రమే ఈ పన్ను తీసుకోవాలని, సొంత ఇంట్లో ఉంటున్నవాళ్ళని ఇప్పుడు అడక్కూడదని సవరణ పెట్టాను. కోటేశ్వరమ్మ గారి పేరు చెప్పకుండా ఆవిడ కథ చెప్పాను.

ఛైర్మన్ గారు చెడ్డవారు కాదు. అంతా ఓపికగా విన్నారు.

"మరి అంతవరకు బాండ్లకి వడ్డీ యాడినుంచి తెద్దామక్కా?" అన్నారు.

కొట్ల అద్దె పెంచుదామన్నాను. లెక్క వేసి చూపించారు, చాలలేదు. ఇంకో రెండు దారులు చెప్పాను. అవీ చాలలేదు. లెక్కల టీచర్ని, నా కళ్ళ ముందే కూడికలు సరిగ్గా చేస్తుంటే కాదనలేకపోయాను. సవరణకి నాది కాక ఒక్క చెయ్యి లేచింది. అసలు తీర్మానానికి నేను తప్ప అందరూ చేతులెత్తారు.

స్థలం సినిమా హాలు వెనక ఖరారైంది. సర్వేవాళ్ళు వచ్చి పన్ను పడే మేరకి సున్నంతో గీతలు వేశారు. మా వార్డులో రెండు వీధులు ఆ గీతల లోపలికి వచ్చాయి.

ఆ సాయంత్రం రెండో వీధిలో ఉండే సుంకులమ్మవ్వ మా ఇంటికి వచ్చింది. కొడుకు పెన్నేటి ఇసుక బండ్ల మీద కూలికి పోతాడు. ఇంటి గోడ ఒక వైపు ఒరిగి ఉంటుంది, ఎన్నాళ్ళ నుంచో కట్టించలేదు. నేను ఓటు ఎటు వేశానో ఆమెకి తెలియదు, ఎవరూ చెప్పి ఉండరు.

"ఏమమ్మా, మా ఇంటికాడికే బస్సులొస్తాయంట గదా. ఈ పొద్దు మావాడు చెప్పినాడు, మన జాగాకి రేటు రెండింతలు పెరిగిందంట. అంతా నీ పున్నెమే తల్లీ."

చెంగు ముడి విప్పి శనక్కాయ ఉండ ఒకటి తీసి, తినమని నా నోటి దగ్గర పెట్టింది. నోటీసు ఎప్పుడొస్తుందో, అందులో ఏం రాసుంటుందో నాకు తెలుసు. ఆమెకి ఆ పొద్దే చెప్పాలనుకున్నాను. ఆమె ముఖం చూసి, ముందు నోరు తెరిచి ఉండ తిన్నాను. తరవాత ఆమెని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, నోటీసు సంగతి చెప్పడం మొదలుపెట్టాను.